చెరువులో వేసిన మందు



కైకలూరు, ఆకివీడు, ఉండి వైపు రోడ్డు మీద వెళ్తుంటే రెండు పక్కలా చేపల చెరువులే కనిపిస్తాయి. నీళ్లలో వరసగా వెదురు కర్రలు పాతి, ఒక్కో కర్రకి ఒక్కో ప్లాస్టిక్ గోతం కట్టి ఉంటుంది. కొత్తవాళ్లకి అదేమిటో అర్థం కాదు. ఆ గోతానికి అడుగు వైపు చిన్న చిన్న చిల్లులు పొడిచి ఉంటాయి. లోపల నూనె తీసిన తవుడు, దాంతో పాటు కొంచెం చెక్క. పొద్దున్నే పడవ మీద మనుషులు వెళ్లి గోతాలు నింపి, నీళ్లలో మునిగేలా కడతారు. శీలావతి, బొచ్చె వచ్చి ఆ చిల్లులకి మూతి ఆనించి మేత లాక్కుంటాయి. కొల్లేరు చుట్టుపక్కల రైతులు అనుభవం మీద కుదుర్చుకున్న పద్ధతి ఇది. చేప ఆకలి ఎలా ఉందో గోతం చూస్తే తెలిసిపోతుంది. సాయంత్రానికి గోతంలో తవుడు మిగిలిపోయిందంటే చెరువులో ఏదో తేడా ఉన్నట్టే.

ఆ తేడా కనిపించిన మర్నాడు కొన్ని చెరువుల్లో గోతంలోకి తవుడుతో పాటు యాంటీబయాటిక్ పొడి కూడా వెళ్తుంది. అందరు రైతులూ కలుపుతారని నేను అనడం లేదు. ఒక్క గ్రాము కలపకుండా ఏళ్ల తరబడి చక్కగా పంట తీస్తున్నవాళ్లు ఉన్నారు. కానీ కలిపే చోట ఆ పొడి ఏమవుతుంది, ఎవరి ఒంట్లోకి పోతుంది, చివరికి ఎక్కడ చేరుతుంది అన్నది ఇవాళ మీతో మాట్లాడదామనుకుంటున్నాను. ఇది చేపల రైతులకే సంబంధించిన సంగతి కాదు. చేప తినని ఇంటికీ సంబంధం ఉంది.

మొట్టమొదట గమనించాల్సింది ఒకటుంది. జబ్బు పడిన చేప మేత ముట్టదు. మనిషికైతే మాత్ర నోట్లో వేసి నీళ్లు తాగిస్తాం. చేపకి ఆ వీలు లేదు కాబట్టి మేతలో కలుపుతాం. ఆ మేత తినేది ఒంట్లో బాగున్న చేప. అంటే మందు అవసరమైన దానికి అందదు, అవసరం లేనిది తింటుంది. తిన్న చేప ఒంటికి కూడా పూర్తిగా పట్టదు. మన చెరువుల్లో ఎక్కువగా వినబడే ఆక్సీటెట్రాసైక్లిన్‌నే తీసుకోండి. నీటిలో, మేతలో ఉండే కాల్షియం, మెగ్నీషియంతో అది ముడిపడిపోతుంది. అలా ముడిపడ్డాక పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్లేది కొద్ది భాగమే. ఎక్కువ భాగం మలంతో బయటికి వచ్చేస్తుంది. గోతం చిల్లుల్లోంచి కరిగి కారిపోయేది వేరే. అంతా కలిసి చెరువు అడుగున బురదలో దిగుతుంది. నీటి పైపొరలో ఉంటే ఎండకి ఈ మందు విరిగిపోతుంది. బురదలో ఎండ తగలదు. అక్కడ వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి నిలుస్తుంది.

ఆ బురదలో కోటానుకోట్ల బ్యాక్టీరియా బతుకుతూ ఉంటుంది. వాటిలో చాలా మటుకు మనకి మేలు చేసేవే. మిగిలిన మేతను, మలాన్ని అరిగించి చెరువుని శుభ్రం చేసేది అవే. ఇప్పుడు వాటి మీద పల్చపల్చగా మందు పడుతూ ఉంటుంది. చంపేటంత మోతాదు ఉండదు. అయినా ఆ కొద్దిపాటి మందే వాటిలో ఎవరు నిలుస్తారో, ఎవరు వెనకబడతారో తేలుస్తుంది. చంపే మోతాదుకి ఎంతో తక్కువ ఉన్నా, మందుకి తట్టుకునే జన్యువు ఉన్న బ్యాక్టీరియాకే సంతతి పెరుగుతుందని ప్రయోగశాలల్లో రుజువైంది. నాలుగు రోజులు తిరిగేసరికి ఆ బురదలో మందుకు లొంగనివాళ్ల జనాభా పెరిగిపోతుంది.

ఇంతవరకే అయితే ఆ గొడవ ఆ చెరువుది. అసలు చిక్కు తర్వాత ఉంది. బ్యాక్టీరియా తన జన్యువుల్ని పిల్లలకి ఇవ్వడంతో ఊరుకోదు, పక్కన ఉన్న వేరే జాతికి కూడా ఇచ్చేస్తుంది. పక్కింటావిడకి గోడ మీదుగా ఆవకాయ కొలతలు చెప్పినంత తేలిగ్గా జరుగుతుంది ఆ పని. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్ట ఒకటి ఒక కణం నుంచి ఇంకో కణానికి వెళ్తుంది. అందులో ఒక మందుకి కాదు, మూడు నాలుగు మందులకి ఒకేసారి విరుగుడు రాసి ఉండొచ్చు. ఈ సంగతి 1950ల చివర్లో జపాన్‌లో బయటపడింది. జిగట విరేచనాల రోగుల్లో షిగెల్లా అనే బ్యాక్టీరియా అప్పట్లో వాడుతున్న నాలుగు రకాల మందులకి ఒక్కసారిగా లొంగడం మానేసింది. ఆ గుణాన్ని అది మామూలుగా మన పేగుల్లో ఉండే ఈ.కోలైకి కూడా అంటించగలదని అక్కడి శాస్త్రవేత్తలు చూపించారు. 1970ల మొదట్లో అదే దేశంలో చేపల పెంపకం నీళ్లలోనూ అలాంటి బదిలీ అయ్యే జన్యువులు దొరికాయి. అంటే ఈ హెచ్చరిక మనకి అందింది నిన్నా మొన్నా కాదు, అర్ధ శతాబ్దం కిందట.

2000లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ఇంకో పని చేశారు. చేపల పెంపకం నీళ్లలోనూ, ఆస్పత్రి మురుగులోనూ ఉన్న ఏరోమోనాస్ బ్యాక్టీరియాని సేకరించి పోల్చి చూశారు. మన చేపలకి ఎర్రమచ్చలు, తోక కుళ్లు తెచ్చిపెట్టేది కూడా ఈ ఏరోమోనాస్ జాతే. టెట్రాసైక్లిన్‌ని తట్టుకునే ఒకే తరహా జన్యు భాగం రెండు చోట్లా కనిపించింది. 2005లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు మరో జన్యువు పుట్టిల్లు వెతికి పట్టుకున్నారు. సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులని బలహీనపరిచే జన్యువు అది. ఆస్పత్రుల్లో కనబడి వైద్యుల్ని తికమక పెట్టింది. దాని మూలం షెవనెల్లా ఆల్గే అనే నీటి బ్యాక్టీరియాలో దొరికింది. నీళ్లలో ఏ వ్యాపకమూ లేకుండా ఉండే జీవి నుంచి ఒక జన్యువు బయల్దేరి ఐసీయూ మంచం దాకా వచ్చింది. ఎన్నేళ్లు పట్టిందో, ఎన్ని చేతులు మారిందో ఎవరూ లెక్క కట్టలేరు. వచ్చిందన్నది మాత్రం నిజం.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. భీమవరం పేరు వింటే ఇవాళ రొయ్యలు, చేపలు గుర్తొస్తాయి. 1895లో ఆ భీమవరంలో పుట్టినాయన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికా వెళ్లి లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన నడిపిన ఆ విభాగంలోనే బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త 1945లో మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ని వెలికి తీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో పుట్టిన మొదటి మందు అది. 1948లో లోకానికి వెల్లడైంది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. ఇంకొక రెండేళ్లకి అదే సంస్థలో పనిచేసే ఇంకో బృందం, ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని కోళ్ల మేతలో కలిపితే కోడిపిల్లలు త్వరగా బరువు పెరుగుతున్నాయని ప్రకటించింది. జబ్బు లేని జీవికి మేతలో యాంటీబయాటిక్ పెట్టే అలవాటు ప్రపంచమంతా పాకడానికి అది పెద్ద దారి వేసింది. మనుషుల ప్రాణాలు నిలపడానికి మన ఊరివాడు కూడా చెయ్యి వేసిన మందుల కుటుంబం అది. అదే కుటుంబంలోని ఆక్సీటెట్రాసైక్లిన్‌ని ఇవాళ ఆయన పుట్టిన ఊరి చుట్టూ జబ్బేమిటో తెలియకుండా తవుడులో కలుపుతుంటే నాకు బాధగా ఉంటుంది. అది చిన్న బాధ కాదు.

సరే, పరీక్షలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఎగుమతి రొయ్యకి గట్టి పరీక్షలే ఉన్నాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ జాతి మందులు రొయ్యలో అసలు ఉండకూడదు. వంద కోట్ల వంతుల్లో ఒక వంతు ఉన్నా పట్టుకునే యంత్రాలు యూరప్ రేవుల్లో, అమెరికా రేవుల్లో ఉన్నాయి. 2016లో యూరప్ మన రొయ్య సరుకులో తనిఖీ చేసే వాటాని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. కంటైనర్ వెనక్కి వస్తే ప్రాసెసింగ్ ప్లాంటుకి ఎంత దెబ్బో, ఆ దెబ్బ రొయ్య ధర రూపంలో చివరికి ఏ రైతు నెత్తిన పడుతుందో ఆ ప్రాంతంవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అందుకే రొయ్య పట్టుబడికి ముందే సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల సంస్థ ఎంపెడా ల్యాబ్‌లో ఎలీసా పరీక్ష చేయించే పద్ధతి వచ్చింది. మంచిదే.

కానీ ఆ పరీక్ష దేన్ని వెతుకుతోందో చూడండి. రొయ్య కండలో మందు మిగిలి ఉందా అని వెతుకుతోంది. మందు ఆపేసి తగినన్ని రోజులు ఆగితే కండలోంచి మందు పోతుంది. కాగితం మీద ‘నెగెటివ్’ అని వస్తుంది. రైతు ఊపిరి పీల్చుకుంటాడు, కొనుగోలుదారు సంతోషిస్తాడు. ఆ రోజుకి చెరువు అడుగున మందుకు లొంగని బ్యాక్టీరియా ఎంత ఉందో ఆ కాగితంలో ఉండదు. మందు కరిగిపోతుంది. అది పెంచి పోషించిన జన్యువు కరగదు, పిల్లల్ని పెడుతుంది. విదేశంలో తినేవాడికి హామీ దొరికింది. చెరువు పక్కన ఉండేవాడికి దొరకలేదు. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇదే. మన జాగ్రత్తంతా సరుకు చుట్టూ తిరుగుతోంది. నీటి చుట్టూ తిరగడం లేదు.

పట్టుబడి అయ్యాక ఆ నీళ్లు ఎక్కడికి వెళ్తాయి? మురుగు బోదెలోకి. బోదెలోంచి డ్రెయిన్‌లోకి. కిందనున్న రైతు ఇంజను పెట్టి ఆ డ్రెయిన్‌లోంచే తన చెరువుకి తోడుకుంటాడు. ఆయన ఒక్క గ్రాము మందు వాడకపోయినా ఆయన చెరువులోకి ఆ బ్యాక్టీరియా వస్తుంది. కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు దిగుతాయి, కొల్లేరు నీళ్లు ఉప్పుటేరు ద్వారా సముద్రంలోకి పోతాయి. ఆ దారంతా ఊళ్లు. గేదెలు దిగే నీళ్లు, పిల్లలు ఈదే నీళ్లు, వర్షాకాలంలో మంచినీళ్ల చెరువు గట్టు దాటే నీళ్లు. వండిన చేపతో వచ్చే భయం తక్కువ. ఉడికితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. భయమల్లా పచ్చి చేపని, ఆ నీటిని చేతులతో ముట్టేవాళ్లకి. వల లాగే కూలీలకి మొప్ప ముళ్లు గుచ్చుకుంటాయి. ప్లాంట్లలో రొయ్య తల తీసే ఆడవాళ్ల వేళ్లకి రొయ్య ముక్కు కోసుకుంటుంది. రోజంతా చల్లటి నీళ్లలో నాని చర్మం పగిలి ఉంటుంది. ఏరోమోనాస్, విబ్రియో జాతులు పుండ్లలోకి దిగగలవు. షుగరు ఉన్నవాళ్లకి అలాంటి పుండు ప్రాణం మీదికి తెస్తుంది. అప్పుడు వాడాల్సిన మందు పని చేయకపోతే డాక్టరు చేతిలో మిగిలేది తక్కువ.

మన చేప సంగతి రొయ్యకన్నా అధ్వానం. శీలావతి, బొచ్చె ఎక్కువగా విదేశం వెళ్లవు. ఐసు వేసిన పెట్టెల్లో లారీలెక్కి హౌరా, గౌహతి వెళ్తాయి. 2018లో అస్సాం ప్రభుత్వం మన చేపని కొన్నాళ్లు ఆపేసింది. కారణం ఫార్మాలిన్ భయం. పత్రికలన్నీ రాశాయి. యాంటీబయాటిక్ సంగతి అడిగినవాళ్లు అప్పుడూ లేరు, ఇప్పుడూ అంతంతమాత్రం. దేశంలోపల అమ్మే చేపకి ఇంతకు మించి మందు మిగలకూడదన్న హద్దులు ఉన్నాయి. బజారులో వాటిని అమలు చేసే చెయ్యి బలంగా లేదు.

రైతుని తప్పు పట్టే ముందు ఆక్వా షాపులో ఏం జరుగుతుందో వినండి. ఇలాంటి సంభాషణ ఆ ప్రాంతంలో ఏ షాపులోనైనా వినబడుతుంది.

“బాబాయ్, నిన్నటి నుంచి చేప తేలుతోందండి. రెండు మూడు గట్టుకొచ్చాయి కూడా. ఏదైనా గట్టి మందివ్వండి.”

“ఎన్నెకరాలబ్బాయ్?”

“పన్నెండండి.”

“ఇది పట్టుకెళ్లి ఐదు రోజులు మేతలో వెయ్యి. తగ్గకపోతే ఇంకోటి ఇస్తాను.”

“డబ్బులు పట్టుబడికి సర్దుతానండి.”

“చూద్దాంలే. ముందు చెరువు చూసుకో.”

షాపతను దుర్మార్గుడేం కాదు. ఆ కుర్రాడికి అప్పు ఇచ్చేది ఆయనే, ధైర్యం చెప్పేదీ ఆయనే. కానీ ఎన్ని ఎకరాలు అని అడిగాడు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ ఎంత ఉంది అని అడగలేదు. నాచు బాగా పెరిగి నీళ్లు ముదురు పచ్చగా తిరిగిన చెరువులో, మబ్బు పట్టిన రోజు తర్వాత, తెల్లారగట్ల ఆక్సిజన్ పడిపోతుంది. చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. దానికి మందు ఏరేటరు, కొత్త నీళ్లు. మొప్పల దగ్గర, రెక్కల మొదట్లో పేను పట్టి ఉంటే చేప గట్టుకి ఒళ్లు రాసుకుంటుంది, పుండ్లు పడతాయి. అక్కడ ముందు పేను సంగతి చూడాలి. రొయ్యకి తెల్లమచ్చ వచ్చిందంటే అది వైరస్. ఇ.హెచ్.పి. సోకి రొయ్య ఎదగకపోతే దానికి కారణం కణాల్లోపల బతికే ఒక పరాన్నజీవి. ఈ నాలుగు సందర్భాల్లోనూ యాంటీబయాటిక్ అసలు జబ్బుని ముట్టుకోదు. డబ్బు పోతుంది, చేప పోతుంది, మందుకు లొంగని బ్యాక్టీరియా మిగులుతుంది. రైతు మాత్రం ‘ఈ మందు పవరు చాలలేదు’ అనుకుని మరింత గట్టిది అడుగుతాడు.

2017లో ప్రపంచం మొత్తం మీద చేపలు, రొయ్యల పెంపకంలో వాడిన యాంటీబయాటిక్‌లు సుమారు 10,000 టన్నులని ఒక అంతర్జాతీయ పరిశోధక బృందం అంచనా కట్టింది. అందులో సగానికి పైగా చైనాలో, రెండో స్థానం మనది. లెక్కలు సరిగా లేని దేశాలే ఎక్కువ కాబట్టి ఈ అంచనా బాగా అటూ ఇటూ ఉండొచ్చు. మనుషుల వైద్యంలో, బజారులో చీటీ లేకుండా అమ్మే మాత్రల్లో జరిగే దుర్వినియోగం ఇంతకన్నా పెద్ద సమస్య అని నేను నమ్ముతాను. ఆ తప్పు పెద్దదని ఈ తప్పు చిన్నదైపోదు.

మరి దారి ఉందా? ఉంది. ఒక దేశం నడిచి చూపించింది.

నార్వేలో సాల్మన్ చేపని సముద్రంలో వలల పంజరాల్లో పెంచుతారు. 1970ల చివర్లో హిట్రా అనే దీవి దగ్గర చేపలు కుప్పలుగా చావడం మొదలైంది. దానికి హిట్రా జబ్బనే పేరు పడింది. చల్లటి నీళ్లలో వచ్చే విబ్రియో జాతి రోగం అది. చాలదన్నట్టు 1985లో స్కాట్లండ్ నుంచి తెచ్చిన చేపపిల్లలతో ఫ్యురంక్యులోసిస్ అనే ఇంకో రోగం దిగింది. ఒళ్లంతా కురుపులు. అక్కడి రైతులూ మనవాళ్లు చేసిందే చేశారు. 1987లో సుమారు 50,000 టన్నుల సాల్మన్ పండించడానికి దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్ పోశారు. టన్ను చేపకి ఇంచుమించు కిలో మందు. చేపలు ఇంకా చస్తూనే ఉన్నాయి.

అప్పుడు వాళ్లు టీకాల మీద పడ్డారు. మొదట వచ్చిన టీకాలు అంతంత మాత్రం. 1990ల మొదట్లో నూనెలో కలిపి కడుపులోకి ఎక్కించే టీకా వచ్చింది. అది పని చేసింది. ఎలా వేస్తారో వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. పిల్లల్ని ఇంకా మంచినీటి తొట్లలో ఉండగానే, సముద్రంలోకి దించకముందే, మత్తు కలిపిన నీళ్లలో ముంచుతారు. కదలిక ఆగిన పిల్లని బల్ల మీదికి తీసుకుంటారు. ఒక చేత్తో పొట్ట పైకి తిప్పి పట్టుకుని, రెండో చేత్తో కడుపు రెక్కలకి కాస్త ముందుగా సూది గుచ్చి, రవ్వంత మందు ఎక్కించి వదిలేస్తారు. అది గొట్టంలోంచి జారి మంచినీళ్లలో పడి, కాసేపటికి తేరుకుని ఈదుతుంది. ఒక్కో చేపకీ ఒక్కో సూది. లక్షల చేపలకి. తర్వాత ఈ పనికి యంత్రాలు వచ్చాయి గానీ మొదట్లో అంతా మనుషుల చేతుల మీదే సాగింది. ఎవరైనా విని ఇది జరిగే పనేనా అని ఉంటారు. జరిగింది.

టీకాతోనే సరిపెట్టలేదు. ఒక చోట ఒకే ఈడు చేపని పెంచి, పట్టుబడి అయ్యాక ఆ చోటుని కొన్నాళ్లు ఖాళీగా వదిలేయాలన్నారు. పశువైద్యుడు చీటీ రాస్తే తప్ప మందు అమ్మకూడదన్నారు. ఎవరికి, ఏ జబ్బుకి, ఎంత మందు రాశారో లెక్క ప్రభుత్వానికి చేరాలన్నారు. 1990ల మధ్యకి వచ్చేసరికి సాల్మన్ ఉత్పత్తి ఐదారు రెట్లు పెరిగింది. మందు వాడకం 50 టన్నుల నుంచి ఒక టన్ను దగ్గరికి పడిపోయింది. ఇవాళ ఏటా పది లక్షల టన్నులకి పైగా సాల్మన్ పండిస్తున్నారు. వాడే మందు మొత్తం కలిపి టన్ను లోపే. మందు మానేస్తే పంట పోతుందన్న భయానికి ఇంతకన్నా సూటి జవాబు నాకు తెలియదు.

అదే సాల్మన్‌ని చిలీలోనూ పెంచుతారు. నార్వేలో పెంచే పెద్ద కంపెనీల్లో కొన్ని చిలీలోనూ ఉన్నాయి. అక్కడ 1989లో మొదటిసారి కనిపించిన పిసిరికెట్సియా అనే రోగకారి ఇప్పటికీ లొంగలేదు. 2014లో చిలీ సాల్మన్‌కి 500 టన్నులకి పైగా యాంటీబయాటిక్ వాడింది. ఆ తర్వాత తగ్గించారు గానీ ఇంకా వందల టన్నుల్లోనే ఉంది. చిలీవాళ్లకి చిత్తశుద్ధి లేదని నేను అనను. ఆ రోగకారి చేప కణాల లోపల దాక్కుంటుంది. దాని మీద ఇంతవరకూ వచ్చిన టీకాలు ఎక్కువ కాలం కాపాడలేకపోతున్నాయి. ఆ దేశంలోనే పుట్టిన ఫెలిపె కబెయో అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త న్యూయార్క్‌లో పనిచేస్తూ, ఏళ్ల తరబడి ఈ వాడకం మనుషుల మందుల్ని కూడా చెడగొడుతుందని రాస్తూ వచ్చారు. నార్వే కథలో అదృష్టం పాలూ కొంత ఉందని చిలీని చూస్తే తెలుస్తుంది. వాళ్లకి ఎదురైన రోగాలకి టీకా కుదిరింది.

మనకి ఏది కుదురుతుంది? రొయ్యకి నార్వే దారి అలాగే పనికిరాదు. వెన్నెముక లేని జీవి కాబట్టి చేపలాగా టీకాకి ప్రతిరక్షకాలు తయారు చేసుకోలేదు. రొయ్య విషయంలో రక్షణ అంతా ముందే ఉండాలి. జబ్బు లేని తల్లి రొయ్యలు, పీసీఆర్ పరీక్ష చేసిన సీడు, చెరువు ఎండగట్టి తీసే పంట, హద్దులో వేసే పిల్ల. వనామీ రకం రొయ్యకి చదరపు మీటరుకి 60 పిల్లలు మించకూడదని నిబంధన ఉంది. దాన్ని కాగితానికే వదిలేస్తే రోగం ఊరుకోదు. మన శీలావతి, బొచ్చెలకి టీకా కుదిరే అవకాశం ఉంది. అవీ చేపలే. పరిశోధన నడుస్తోంది, కానీ షాపులో యాంటీబయాటిక్ పొట్లం దొరికినంత తేలిగ్గా టీకా దొరికే రోజు ఇంకా రాలేదు. ఆక్వాకి సబ్సిడీ అడిగినంత గట్టిగా మన రైతు సంఘాలు, నాయకులు ఈ టీకా కూడా అడగాలి. కరెంటు రాయితీ ఒక పంటకి ఆదుకుంటుంది. ఇది తరతరాలకి.

కోళ్ల సంగతి కూడా ఒక మాట. కోళ్ల ఫారాల ఎరువుని చెరువుల్లో వేయడం పాత అలవాటు. కోడి వ్యర్థాలని పంగస్‌కి, క్యాట్‌ఫిష్‌కి మేతగా వేయడం చట్టవిరుద్ధం. అయినా రాత్రిళ్లు లారీల్లో వస్తూనే ఉన్నాయని పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. కోడికి పెట్టిన మందు, కోడి పేగులో పెరిగిన మొండి బ్యాక్టీరియా ఆ లారీలోనే చెరువులోకి దిగుతాయి. 2019లో కొలిస్టిన్‌ని పశువులకి, కోళ్లకి, చేపలకి వాడకూడదని కేంద్రం నిషేధించింది. ఏ మందూ పని చేయని రోగికి చిట్టచివర్న ఇచ్చే మందు అది. ఆ నిషేధం చేయడం చాలా మంచి పని. ఒక మందుని దాచుకోవాలని ప్రభుత్వం గుర్తించింది. మిగిలిన మందుల్ని కూడా అలాగే దాచుకోవాలి.

చివరగా ఒక పని గురించి చెప్తాను. ఇది ఇవాళే చేయదగ్గది. ల్యాబ్‌లో ‘సెన్సిటివిటీ’ పరీక్ష అని ఒకటి చేస్తారు. జబ్బు పడిన చేప కిడ్నీ నుంచి తీసిన బ్యాక్టీరియాని గాజు పళ్లెంలో గట్టిపడిన జావ మీద పూస్తారు. దాని మీద వేర్వేరు మందుల్లో తడిపిన గుండ్రటి చిన్న కాగితం బిళ్లలు పెట్టి ఒక రాత్రి వెచ్చగా ఉంచుతారు. తెల్లారి చూస్తే పళ్లెమంతా బూడిద రంగు పొరలా బ్యాక్టీరియా పెరిగి ఉంటుంది. పని చేసే మందు బిళ్ల చుట్టూ మాత్రం ఏమీ లేకుండా వలయం ఉంటుంది. స్కేలు పెట్టి ఆ వలయం కొలుస్తారు. పని చేయని మందు బిళ్ల అంచుదాకా బ్యాక్టీరియా ఆనుకుని ఉంటుంది. ఆ పళ్లెం ఒక్కసారి కళ్లతో చూసిన రైతు మళ్లీ ఊరికే మందు కొనడు. ఒక్కోసారి పళ్లెంలో అసలు రోగకారి ఏదీ పెరగదు. అప్పుడు ఆ జబ్బుకి యాంటీబయాటిక్‌తో పని లేదన్నమాట. ఆ కబురుతో రైతుకి ఎంత డబ్బు మిగులుతుందో ఆలోచించండి.

ఉండిలో మత్స్య పరిశోధనా కేంద్రం ఉంది. పెనమలూరులో కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ (సిఫా) వారి ప్రాంతీయ కేంద్రం ఉంది. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉన్నాయి. జబ్బు సంగతి ఫోన్లోనే తెలియజేయడానికి 2023లో కేంద్రం ఒక యాప్ కూడా తెచ్చింది. మీ మండలం మత్స్యశాఖ సహాయకుణ్ణి అడిగితే దగ్గర్లో ఉన్న ల్యాబ్ చెప్తారు. నమూనా తీసుకెళ్లేటప్పుడు చచ్చిన చేపని పట్టుకెళ్లకండి. చచ్చిన గంటల్లో దాని ఒంట్లో వేరే బ్యాక్టీరియా పెరిగిపోయి అసలు కారణం దొరకదు. నీరసంగా, గట్టు వెంబడి తిరిగే బతికి ఉన్న చేపని, అదే చెరువు నీళ్లతో ఆక్సిజన్ నింపిన సంచిలో పెట్టి తీసుకెళ్లండి. వేరే సీసాలో చెరువు నీళ్లు కూడా. బతికున్న చేప కుదరకపోతే అప్పుడే చచ్చినదాన్ని ఐసు మీద ఉంచండి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించకండి. మేత ఎప్పటి నుంచి తగ్గిందో, నీళ్ల రంగు ఎప్పుడు మారిందో చీటీ రాసి ఇవ్వండి. ఇంతకుముందే ఏదైనా మందు వేసి ఉంటే ఆ సంగతి దాచకండి. ఆ మందు ప్రభావంతో పళ్లెంలో బ్యాక్టీరియా పెరగకపోవచ్చు, చూసేవాళ్లు జబ్బే లేదనుకుంటారు. పొట్లం మీద పేరు గుర్తు లేకపోతే ఖాళీ పొట్లం పట్టుకెళ్లి చూపించండి.